మూడో అక్షరం

ఎనుమాముల మార్కెట్ల మిర్చి సీజను.
ఆ రాత్రి తుమ్ముతోనే మొదలైంది.
సారంగపాణి సేటు అడ్తి దుకాణం మీది గది,
ఫ్యాను రెక్కల మీద ఎర్రటి నుసి,
కీబోర్డు సందుల రెండు మిరపగింజలు,
నల్లటి తెర మీద తెల్లటి ప్రశ్నలు.

కొత్త లైను పొద్దుగాలనే వచ్చింది.
ఎక్స్ఛేంజి నుంచి అంకూషావలి
నిచ్చెన భుజాన వేసుకొచ్చి, గోడకు పెట్టె బిగించి
"తీగె ఒకటే మేడం, లోపల రెండు బాటలు.
ఒకదాంట్ల సేటు గుంటూరుతోని మాట్లాడొచ్చు,
ఇంకోదాంట్ల అదే గడియల లెక్కలు పంపొచ్చు" అన్నడు.
మూడోది గూడ ఉన్నదంట గదా?
"అదా, సన్నటిది. మాట మొయ్యదు.
ఎవరో పిలుస్తున్నరని చెప్పి
పక్కకు జరుగుతది."

లైను వచ్చింది, సరే.
కార్డు ఉన్నట్టు మిషనుకే తెల్వదు.
తెలువాలంటే కెర్నల్ దాక పోవాలె.
కెర్నల్ అంటే గింజే.
తొక్క ఎంత ఎర్రగుంటే ఏంది,
ఘాటు ఉండేది లోపల.

ఒక్కో ప్రశ్నకు జవాబు కొట్టుకుంట పోయిన.
ఐఎస్‌డీఎన్ కావాల్నా? అవును.
ఏ దేశపు పద్ధతి? జర్మనీ పాతదా, యూరపుదా, అమెరికాదా?
వరంగల్ ఆ పట్టీల లేదు.
యూరపు అన్న, అంకూషావలి చీటీ మీద రాసిచ్చినట్టు.
ఏ కార్డు? ముప్పై పేర్లు.
చిప్పు మీద అంకె అరిగిపోయింది,
కొంగు తడి చేసి తుడిచి, టార్చి వెలుగుల చదివిన.
ఇంటరప్టు నెంబరు? ఐదు.
ఐదు మీద ఆల్రెడీ సేటు కొడుకు పాటల కార్డు కూసున్నది.
పీకి డ్రాయర్ల వేసిన. పొద్దున లొల్లి చేస్తడు, చేయనీ.

ప్రతి ప్రశ్న కింద ఒకటే సలహా:
సందేహముంటే, కాదను.
మా అమ్మమ్మ గూడ గిదే చెప్పేది
కంప్యూటర్ మొఖం చూడకుండనే.

కొన్నిటికి మాత్రం మూడో జవాబు ఉంటది.
అవును గాదు, కాదు గాదు.
ఎం.

అప్పుడే మొగిలి చాయ పట్టుకొని మెట్లెక్కి వచ్చిండు.
బస్తాలు మోసిన భుజం మీది తువ్వాల ఇంక దించలే.
"గా ఎం ఏంది బిడ్డా?"
"మాడ్యూల్ తాతా. గింజల కలిసిపోదు.
పని వడ్డప్పుడు ఎక్కిచ్చుకుంటం,
అయిపోయినంక దించేస్తం.
ఊకెనే జాగ ఎందుకు తినాలె?"
మొగిలి తెర దిక్కు జరసేపు చూసిండు.
"అచ్చ," అన్నడు. "హమాలీ."
గ్లాసు పెట్టి దిగిపోయిండు.

చాయ మీద మీగడ కట్టేదాక
నేను ఆ అక్షరం మీదనే ఉన్న.
సేటు జీతాల బుక్కుల మొగిలి పేరు లేదు.
నా పేరూ లేదు.
లైను పలికేదాక రోజు కూలి, అంతే మాట.

ఎం అనే కొట్టిన.

రెండుంబావుకు కరెంటు పోయింది.
కెర్నల్ సగం ఉడికిన అన్నం లెక్క ఆగిపోయింది.
జనరేటరు దగ్గరి పిలగాన్ని లేపి
మల్ల మొదటికెళ్లి.
నాలుగు గంటలకు మొదటిసారి లేచి, పానిక్ అని పడ్డది.
పొరపాటు నాదే, డిస్కు డ్రైవరుకు సందేహపడి కాదన్న.

తెల్లారంగ రెండోసారి లేచింది. కార్డు దొరికిందన్నది.
నమ్మకం కుదరక
ఒక బాట నుంచి ఇంకో బాటకు
మా నెంబరుకే మేమే ఫోన్ చేసినం, నేనూ ఆ మిషనూ.
సన్నటి దారి వచ్చి చెప్పింది: ఎవరో పిలుస్తున్నరు.
నెంబరు చూస్తే మాదే.

మాడ్యూళ్ల పట్టీ తీసిన.
పేరు, దాని పక్కన వాడకం: ఒకటి.
ఫోను పెట్టేసిన.
సున్నా.

కింద గేటు కాడ నర్సంపేట బండ్లు హారన్ కొడుతున్నయి.
మొగిలి తువ్వాల దులిపి
నెత్తికి చుట్టుకుంటున్నడు.